పాత కంప్యూటర్‌ను "పనికిరాదు" అని ఎవరు నిర్ణయిస్తరు?

కొంచెం పెద్ద పోస్టు. ఓపికతో చదవండి, హాస్టల్లో ఉండేవాళ్లకు పనికొస్తది.

మా హాస్టల్‌కు ఒక ఆఫీసు వాళ్లు మూడు పాత కంప్యూటర్లు ఇచ్చిన్రు. రెండు డెస్క్‌టాప్‌లు, ఒక ల్యాప్‌టాప్. "నడవకపోతే పాత సామాన్లకు వేసేద్దాం" అన్నడు వార్డెన్ సార్. "నెల రోజులు టైం ఇయ్యండి సార్, మేమే చూస్తం" అన్నం. మాలో ఎవరింట్లోనూ కంప్యూటర్ లేదు. స్కాలర్‌షిప్ ఫారం నింపాలన్నా, ప్రాజెక్టు టైప్ చెయ్యాలన్నా మండలానికి పోయి నెట్ సెంటర్లో పైసలు కట్టాల్సిందే. అందుకే పట్టుబట్టినం. తీరా ఆపరేటింగ్ సిస్టం ఎక్కించబోతే మూడూ మూడు రకాలుగా మొండికేసినయి. ఎందుకని వెతుక్కుంటూ పోతే నలభై ఏండ్ల చరిత్ర బయటపడ్డది.

"కంపాటిబుల్" అనే మాటతో మొదలుపెడదాం. 1981 ఆగస్టులో ఐబీఎం తన పీసీని విడుదల చేసింది. అందులో ఇంటెల్ 8088 ప్రాసెసర్ ఉంది. భాగాలు చాలావరకు బయటి కంపెనీల నుంచి కొన్నవే. సర్క్యూట్ బొమ్మలు, బయోస్ కోడ్ కూడా ఐబీఎం మాన్యువల్‌లో అచ్చువేసింది కానీ ఆ కోడ్ మీద కాపీరైట్ తన దగ్గరే ఉంచుకుంది. కాంపాక్ అనే కంపెనీ ఆ కోడ్‌ను కాపీ కొట్టకుండా, అదే పని చేసే బయోస్‌ను సొంతంగా రాయించి, 1983లో తన మెషిన్ అమ్మకానికి పెట్టింది. అట్లాంటి మెషిన్లకు "ఐబీఎం కంపాటిబుల్" అని పేరు వచ్చింది. పెట్టె ఎవరు చేసినా అదే సాఫ్ట్‌వేర్ నడవాలె అని దాని అర్థం.

ఈ ఒప్పందం ఒకవైపే పనిచేస్తది. కొత్త ప్రాసెసర్ పాత సాఫ్ట్‌వేర్‌ను నడుపుతది. పాత ప్రాసెసర్ మీద కొత్త సాఫ్ట్‌వేర్ నడుస్తదని మాత్రం ఎవరూ మాట ఇవ్వలే.

దీనికి లైనక్స్ కథే మంచి ఉదాహరణ. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండ్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు తన దగ్గరున్న 386 కంప్యూటర్ మీద లైనక్స్ రాసిండు. 386 అనేది 1985లో వచ్చిన ఇంటెల్ 32 బిట్ ప్రాసెసర్. 2012 డిసెంబర్‌లో ఆ 386కే లైనక్స్ కెర్నల్‌లో సపోర్టు తీసేసిన్రు. ఆ చిప్‌లో లేని కొన్ని ఇన్‌స్ట్రక్షన్ల కోసం కోడ్‌లో వేరే ఏర్పాట్లు చెయ్యాల్సి వచ్చేది, కొత్త మార్పు చేసిన ప్రతిసారీ అవి అడ్డం తగిలేవి. అంటే లైనక్స్ పుట్టిన రకం మెషిన్ మీద ఇవాళ్టి లైనక్స్ ఎక్కదు! ఇది చదివినంక మా పెంటియం 4 మీద మాకు కోపం పోయింది.

మా మొదటి మెషిన్ అదే, పెంటియం 4. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కాలేదు, డీవీడీ రాయాల్సి వచ్చింది. డెబియన్ 64 బిట్ డీవీడీ పెడితే, ఈ కెర్నల్‌కు 64 బిట్ ప్రాసెసర్ కావాలి, ఇక్కడున్నది ఐ686 అని చెప్పి ఆగిపోయింది. పీసీల కోసం 64 బిట్ దారి తెరిచింది ఏఎండీ, 2003లో. తర్వాత ఇంటెల్ కూడా అదే దారి పట్టింది. మెల్లమెల్లగా 32 బిట్‌ను చాలామంది వదిలేసిన్రు. ఉబుంటు 2017లో 17.10 నుంచి డెస్క్‌టాప్‌కు 32 బిట్ ఇన్‌స్టాలర్ ఆపేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో కూడా 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు. మేము డెబియన్ 12 లోని 32 బిట్ రకం ఎక్కించినం. దానికి అప్‌డేట్లు ఎల్లకాలం రావు కాబట్టి నెట్‌కు కలపకుండా టైపింగ్ నేర్చుకోవడానికే పెట్టుకున్నం.

రెండోది ల్యాప్‌టాప్, కోర్ 2 డ్యుయో. 64 బిట్టే, సిస్టం సాఫీగా ఎక్కింది. కానీ వైఫై లేదు. వైఫై చిప్‌కు ఫర్మ్‌వేర్ అనే చిన్న ఫైల్ కావాలి. చాలా కంపెనీలు ఆ చిప్‌ల లోపలి వివరాలు బయటపెట్టలే, వాలంటీర్లు ఏండ్ల తరబడి కూర్చుని, చిప్ ఎట్లా పనిచేస్తదో గమనించి డ్రైవర్లు రాసిన్రు. ఫర్మ్‌వేర్ దించాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ఫర్మ్‌వేర్ కావాలి! చివరికి ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి దించినం. ఆ తర్వాత కూడా వెబ్‌సైట్లు తెరుచుకోలే, సర్టిఫికెట్ చెల్లదన్నయి. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నం. చూస్తే తేదీ ఎన్నో ఏండ్లు వెనక్కి ఉంది, లోపల గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే అన్నీ తెరుచుకున్నయి.

మూడోది 2016 నాటిది. ఇంటెల్ ఆరో తరం, 8 జీబీ ర్యామ్, మూడింటిలో ఇదే బలమైనది. దానిలో ఉన్న విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 2021 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11 టీపీఎం 2.0 కావాలంటది, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే జాబితాలో ఉంటయి. టీపీఎం అంటే రహస్య తాళాలు దాచే భద్రతా చిప్, అడగడంలో న్యాయం లేదనం. కానీ మా మెషిన్‌లో ఏదీ చెడిపోలే, జాబితాలో పేరు లేదు, అంతే. ఇది విన్నప్పుడు మాలో ఒకడు, "మా నాయన దున్నే పోడు భూమి లెక్కనే ఉంది. పంట పండుతది, కాగితంలో మాత్రం లేదు" అన్నడు. నవ్వుకున్నం గానీ, ఆ మాట మాకు గుర్తుండిపోయింది. దాంట్లో డెబియన్ 13 ఎక్కించినం, హాయిగా నడుస్తుంది. స్కాలర్‌షిప్ ఫారాలు ఇప్పుడు దాని మీదే నింపుతున్నం.

ఇంతకీ మాకు అర్థమైంది ఏందంటే, "పాతది, పనికిరాదు" అనే ఒక్క మాట వెనక మూడు వేరువేరు సంగతులున్నయి. ఒకటి, చిప్‌కు నిజంగానే చేతకాదు. రెండు, చేతనవుతది గానీ దాని డ్రైవర్లను, ఫర్మ్‌వేర్‌ను చూసుకునేవాళ్లు లేరు. మూడు, అన్నీ ఉన్నా ఎవరో జాబితా గీసి బయట పెట్టిన్రు. మొదటిదానికి తనకు తగ్గ పాత రకం వెతకాలె. రెండోదానికి ఓపిక కావాలె. మూడోదానికి వేరే సిస్టం చూసుకుంటే సరిపోతది. ఏ రోగమో తెలవకుండా మెషిన్‌ను పాత ఇనుముకు వెయ్యొద్దు.

మీ హాస్టల్‌కు కూడా ఇట్లాంటివి వస్తే ముందు మూడు చూడండి: ప్రాసెసర్ 64 బిట్టా కాదా, ర్యామ్ ఎంత, తేదీ సరిగ్గా ఉందా. ఇన్‌స్టాల్ చేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి, వైఫై, సౌండ్ వస్తున్నయా చూసుకోండి. పాత ఫైళ్లు ఏమన్నా ఉంటే ముందే కాపీ తీసుకోండి, మేము ఒకసారి మర్చిపోయి తిట్లు తిన్నం. ఎక్కడన్నా ఆగిపోతే ప్రాసెసర్ పేరు, స్క్రీన్ మీద వచ్చిన మెసేజ్ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. మాకు తెలిసిందైతే చెప్తం, తెలవకపోతే కలిసి వెతుకుదాం.