కుస్కో జూన్ పండుగలు, ఇంకాల కట్టడాలు

దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, ఆండీస్ పర్వతాల నడుమ, సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న నగరం కుస్కో. 15వ శతాబ్దంలోను, 16వ శతాబ్దం తొలినాళ్ళలోను ఇది ఇంకా సామ్రాజ్యానికి రాజధాని. ఈ నగరంలోను, చుట్టుపక్కల లోయల్లోను ఏటా మే చివర మొదలై జూలై దాకా ఒకదాని వెంట ఒకటిగా పండుగలు వస్తాయి. వాటిలో పేరున్నది జూన్ 24న జరిగే సూర్యుడి పండుగ, ఇంతి రైమి. ఇంకాల కట్టడాలు చూడాలని స్నేహితులు కలిసి బయలుదేరితే ఈ రోజులకే ప్రయాణం కుదుర్చుకోవడం మేలు. వర్షాలు ఉండవు, ఆకాశం తేటగా ఉంటుంది. అంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. ఇక్కడి గోడలూ పండుగలూ ఒకే ఏర్పాటు నుంచి పుట్టాయి: ఊళ్ళవాళ్ళు వంతులవారీగా వచ్చి, కలిసి పనిచేసి, కలిసి తిని తాగి, ఆడి పాడి తిరిగి వెళ్ళే ఏర్పాటు అది. ఒకటి చూసి రెండోది వదిలేస్తే చూసినది సగమే.

సూర్యుడు మళ్ళే రోజు

జూన్ 21 ప్రాంతంలో సూర్యుడు ఉత్తరపు చివరి హద్దుకు చేరి దక్షిణానికి మళ్ళుతాడు. మనకు అవి పొడవైన పగళ్ళు. భూమధ్యరేఖకు దక్షిణాన 13 డిగ్రీల మీద ఉన్న కుస్కోకు అది నడి చలికాలం. మధ్యాహ్నం కూడా సూర్యుడు ఉత్తరపు వైపు వాలే ఉంటాడు, రాత్రి చలి సున్నా డిగ్రీల దగ్గరకు దిగుతుంది. మొక్కజొన్న, బంగాళాదుంప కోతలు ముగిసి ధాన్యం ఇళ్ళకు చేరి ఉంటుంది. దూరమైపోతున్న సూర్యుణ్ణి వెనక్కు పిలవడం, చేతికొచ్చిన పంటకు దణ్ణం పెట్టుకోవడం, ఈ రెండూ కలిసిన పండుగ ఇంతి రైమి.

పాత పండుగ గురించి మనకు ఎక్కువగా తెలిసింది గార్సిలాసో దె లా వేగా రాతల వల్ల. 1539లో కుస్కోలో పుట్టిన గార్సిలాసోకు తండ్రి స్పానిష్ సైనికాధికారి, తల్లి ఇంకా రాజవంశపు స్త్రీ. ఇరవై ఏళ్ళు దాటగానే స్పెయిన్‌కు వెళ్ళిపోయి, ముసలితనంలో తల్లివైపు పెద్దల నోట విన్న సంగతులను గుర్తుచేసుకుని పుస్తకం రాశాడు. అది 1609లో లిస్బన్‌లో అచ్చయింది. అందులో చెప్పిన ప్రకారం పండుగకు ముందు మూడు రోజులు ఉపవాసం. పచ్చి తెల్ల మొక్కజొన్న గింజలు, ఒకరకం ఆకు, మంచినీళ్ళు తప్ప మరేమీ ముట్టరు, నగరంలో ఎవరూ పొయ్యి రాజేయరు. పండుగనాడు తెల్లవారుజామున చక్రవర్తి బంధుగణంతో పెద్ద చౌకులోకి వచ్చి, చెప్పులు విడిచి, తూర్పుకు తిరిగి నిలబడతాడు. తొలి కిరణం కనబడగానే చిచా నింపిన రెండు బంగారు పాత్రలు ఎత్తుతాడు. మొలకెత్తిన మొక్కజొన్నను పులియబెట్టి చేసేది చిచా. ఒక పాత్రలోది సూర్యుడికి ధారపోస్తాడు, రెండో పాత్రలోది చుట్టాలకు పంచుతాడు. ఆ పైన పుటాకారపు లోహపు బిళ్ళతో సూర్యకిరణాలను పత్తి మీదికి మళ్ళించి కొత్త నిప్పు పుట్టిస్తారు. ఆ నిప్పే గుడికి చేరుతుంది.

స్పానిష్ సేనలు 1533లో కుస్కోలో అడుగుపెట్టాయి. పాత పద్ధతిలో ఇంకా ప్రభువు స్వయంగా జరిపిన చివరి పెద్ద సూర్యోత్సవం 1535 నాటిదని చెబుతారు. 1572లో వైస్రాయి ఫ్రాన్సిస్కో దె తొలెదో చివరి ఇంకా రాజు తూపక్ అమారుకు ఆ కుస్కో చౌకులోనే శిరచ్ఛేదం చేయించాడు. పాత మతాచారాల మీద నిషేధం బిగిసింది. రెండు వందల ఏళ్ళ తర్వాత, అదే పేరు పెట్టుకున్న రెండో తూపక్ అమారు 1780లో తిరుగుబాటు లేవదీసినప్పుడు, గార్సిలాసో పుస్తకం చదివే జనం రెచ్చిపోతున్నారని స్పానిష్ రాజ్యం ఆ పుస్తకాన్నే వెనక్కు రప్పించమని ఆజ్ఞ ఇచ్చింది. ఒక పండుగ జ్ఞాపకానికి సామ్రాజ్యం అంతగా భయపడింది.

ఇప్పుడు మనం చూసే ఇంతి రైమి 1944లో మళ్ళీ మొదలైంది. కుస్కో నగరానికి ఒక రోజు ఉండాలన్న ఆలోచన ఉంబెర్తో విదాల్ ఉందాది. ఇంకాల భాష అయిన కెచువాలో నటుడూ రచయితా అయిన ఫాస్తినో ఎస్పినోసా నవార్రో గార్సిలాసో వర్ణనను ఆధారం చేసుకుని సంభాషణలు రాశాడు, తొలి ప్రదర్శనలో ఇంకా చక్రవర్తి పాత్ర కూడా తనే వేశాడు. ఆనాటికే జూన్ 24 సెయింట్ జాన్ పండుగ. అందుకే అయనం మారే అసలు రోజుకు కొంచెం వెనకగా ఈ తేదీ నిలిచిపోయింది. ఇది నిజమైన పండుగ కాదు, నాటకం మాత్రమే అని కొట్టిపారేసే యాత్రికులు కొందరున్నారు. ఆ మాట అన్యాయం. బడిలోనూ కచేరీలోనూ కెచువా మాట్లాడితే చిన్నచూపు చూసిన కాలంలో, నగరం నడిబొడ్డున పెద్ద గొంతుతో కెచువాలో సూర్యుణ్ణి పిలవడం చిన్న విషయం కాదు. ఎనభై ఏళ్ళుగా ఆ ఊరివాళ్ళు తరం తర్వాత తరం నిలబెడుతున్నదాన్ని పండుగ అనక మరేమంటాం?

జూన్ 24 నాడు

ఉత్సవం మూడు చోట్ల నడుస్తుంది. పొద్దున్నే కోరికాంచ దగ్గర మొదలు. ఇంకాల ప్రధాన సూర్యాలయం ఇదే. దాని గోడల మీదనే స్పానిష్ వాళ్ళు సాంతో దొమింగో మఠం కట్టారు. 1650లోను, 1950లోను వచ్చిన భూకంపాలకు పైన కట్టిన మఠం దెబ్బతింది. కింది ఇంకా గోడలు చెక్కుచెదరలేదు. 1950 భూకంపం తర్వాత మరుగునపడి ఉన్న గోడలు మరికొన్ని బయటపడ్డాయి. ఈ నల్లటి గోడల ముందు ఇంకా వేషధారి కెచువాలో సూర్యుడికి తొలి మొక్కు చెల్లిస్తాడు.

అక్కడినుంచి ఊరేగింపు పెద్ద చౌకుకు వస్తుంది. చించాయ్‌సూయు, అంతిసూయు, కొయాసూయు, కుంతిసూయు అనే నాలుగు దిక్కుల ప్రాంతాలకు ప్రతినిధులుగా దళాలు తమ తమ రంగుల దుస్తుల్లో నాలుగు వైపులనుంచి వచ్చి కలుస్తాయి. ఈ రెండు ఘట్టాలకూ టికెట్టు లేదు. కాకపోతే తెల్లవారకముందే వెళ్ళి చోటు పట్టుకోవాలి.

మధ్యాహ్నం అందరూ ఊరి పైనున్న సక్సాయ్‌వామన్ కోటకు ఎక్కుతారు. ఇంకా చక్రవర్తి, ఆయన రాణి కోయా పల్లకీల మీద వస్తారు. చిచా ధారపోయడం, కొత్త నిప్పు రాజేయడం, సంకు అనే మొక్కజొన్న రొట్టె పంచడం, లామాను బలి ఇచ్చి శకునం చూడడం వరసగా జరుగుతాయి. బలి ఇప్పుడు అభినయమే, జంతువును చంపరు. ఇక్కడ కుర్చీలకు టికెట్టు ఉంది, ధర గట్టిదే. కుస్కో కుటుంబాలు మాత్రం ఎదురుగుట్ట వాలు మీద దుప్పట్లు పరుచుకుని, ఇంట్లో వండిన తిండి చుట్టూ పెట్టుకుని చూస్తాయి. బృందంగా వెళ్ళినవాళ్ళకు ఆ గుట్టే మంచి చోటని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మాటలు అంత స్పష్టంగా వినపడకపోయినా పండుగ ఎవరిదో అక్కడ తెలుస్తుంది.

రాళ్ళ వెనక మనుషులు

సక్సాయ్‌వామన్ గోడలు మూడు అంచెలుగా, రంపపు పళ్ళలా వంకరలు తిరుగుతూ నిలబడి ఉంటాయి. కింది వరసలో వంద టన్నులు దాటిన రాళ్ళున్నాయి. సున్నం లేదు, ఇనుప పనిముట్లు లేవు, చక్రాల బండ్లు లేవు. ఇంత పని మనుషుల వల్ల కాదని, ఎక్కడినుంచో ఎవరో వచ్చి కట్టారని చెప్పే కట్టుకథలు కట్టినవాళ్ళను అవమానించడమే. ఎలా కట్టారో రాసిపెట్టినవాళ్ళున్నారు. 16వ శతాబ్దపు చరిత్రకారుడు సియెసా దె లియోన్ లెక్క ప్రకారం సామ్రాజ్యం నలుమూలలనుంచి 20,000 మంది వచ్చేవారు. 4,000 మంది రాళ్ళు తీసి చెక్కేవారు, 6,000 మంది తోలుతోను నారతోను పేనిన మోకులు కట్టి లాగేవారు, మిగిలినవారు పునాదులు తవ్వేవారు. వంతు తీరాక ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళేవారు, కొత్తవాళ్ళు వచ్చేవారు. మిత అనే ఈ వంతు చాకిరీకి బదులుగా రాజ్యం తిండి, బట్ట, చిచా ఇచ్చి పండుగలు జరిపించేది. 1980ల్లో జాన్ పియెర్ ప్రోట్జెన్ అనే వాస్తుశిల్ప ఆచార్యుడు నది గులకరాళ్ళనే సుత్తులుగా పట్టుకుని గట్టి రాతిని దంచి, అంచులు అతికేలా చెక్కి చూపించాడు.

1536లో స్పానిష్ వాళ్ళ మీద తిరగబడిన ఇంకా రాజు మాంకో కుస్కోను ముట్టడించినప్పుడు ఈ కోట దగ్గరే భీకర పోరు జరిగింది. స్పానిష్ సేనలను నడిపిన పిజారో సోదరుల్లో ఒకడైన హువాన్ ఇక్కడ తగిలిన దెబ్బతోనే చనిపోయాడు. తర్వాత నగరంలో పెద్ద చర్చికీ ఇళ్ళకూ కోట రాళ్ళు మోసుకుపోయారు. ఈనాడు మిగిలింది లాగడానికి వీలుకాని పెద్ద రాళ్ళే.

ఉరుబాంబ నది లోయలోని ఒల్యాంతైతాంబోలో ఆరు గులాబిరంగు రాతిపలకలు నిలబెట్టిన గుడి సగంలో ఆగిపోయి ఉంది. రాళ్ళు తీసిన కచికాత గని నది అవతలి కొండమీద ఉంది. దారి మధ్యలో వదిలేసిన రాళ్ళను అక్కడివాళ్ళు అలసిపోయిన రాళ్ళంటారు. ఈ ఊరికి మిగతావాటికి లేని ప్రత్యేకత ఉంది: ఇంకాల నాటి వీధుల్లో, ఇంకాల నాటి గోడల మధ్య ఇప్పటికీ కుటుంబాలు కాపురముంటున్నాయి, వీధి కాలువల్లో నీళ్ళు పారుతున్నాయి. పిసాక్ మెట్ల పొలాలు, మోరై గుండ్రటి తిన్నెలు, మారాస్ ఉప్పుమడులు ఇదే లోయ చుట్టుపక్కల ఉన్నాయి.

మచు పిచ్చు సంగతి లోకానికి తెలిసినదే. 2,430 మీటర్ల ఎత్తున, కుస్కోకన్నా కిందే ఉంది. అమెరికన్ ఆచార్యుడు హైరమ్ బింగమ్ 1911 జూలై 24న అక్కడికి చేరేసరికే కొన్ని రైతు కుటుంబాలు ఆ తిన్నెల మీద సేద్యం చేసుకుంటున్నాయి. అతనికంటే ముందే 1902లో అగుస్తిన్ లిసారాగ అనే స్థానికుడు అక్కడి గోడ మీద తన పేరు రాసి వెళ్ళాడు. బింగమ్ తీసుకెళ్ళిన వస్తువులను యేల్ విశ్వవిద్యాలయం 2010లో కుదిరిన ఒప్పందం ప్రకారం పెరూకు తిరిగి ఇచ్చింది. చాలామంది ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు గానీ, ఆగి చూడవలసింది నీటి ఏర్పాటు. కొండ ఊటనుంచి సుమారు 750 మీటర్ల కాలువ, దాని కింద ఒకదాని తర్వాత ఒకటిగా 16 నీటిధారలు, తిన్నెల అడుగున వాన ఇంకిపోయేలా పరిచిన రాతిముక్కల పొరలు. అంత వాన పడే కొండకొన మీద ఊరు జారిపోకుండా నిలిచింది ఈ కనపడని పనివల్లే.

మిగతా పండుగలు

ఈస్టర్ తర్వాత అరవయ్యో రోజున వచ్చే కార్పస్ క్రిస్టికి కుస్కోలోని వేర్వేరు చర్చీల నుంచి 15 విగ్రహాలను భుజాల మీద మోసుకుంటూ పెద్ద చర్చికి తెస్తారు. పూర్వం ఆ చర్చి ముందున్న పెద్ద చౌకులోనే ఇంకాలు తమ రాజుల కళేబరాలను ఊరేగించేవారు. ఆ రోజు తినేది చిరియూచు: కాల్చిన గినీపందిపిల్ల మాంసం, కోడి, ఎండుమాంసం, వేయించిన మొక్కజొన్న, సముద్రపు నాచు, చేపగుడ్లు, జున్ను కలిపి చల్లగా వడ్డించే పళ్ళెం. కొండ, లోయ, సముద్రం అన్నీ అందులో ఉన్నాయి.

దానికి కొద్ది రోజుల ముందు సినకర లోయలో, మంచుకొండల అంచున కొయ్‌యూర్ రితి యాత్ర జరుగుతుంది. యునెస్కో 2011లో గుర్తించిన ఈ యాత్రకు సుమారు 90,000 మంది వస్తారు. ఎలుగుబంటి వేషం వేసే ఉకుకులు రాత్రి హిమానీనదం మీదికి ఎక్కి మంచుగడ్డలు కోసి వీపున మోసుకొచ్చి ఊళ్ళో పంచేవారు. మంచు కరిగి వెనక్కు పోతుండడంతో వాళ్ళే ఆ ఆచారాన్ని మానుకున్నారు.

అన్నిటిలోకీ చూడదగ్గది జూన్‌లో కేస్వచాక వంతెన కట్టే పండుగ. కానాస్ ప్రాంతంలో అపూరిమాక్ నది మీద, దాదాపు 30 మీటర్ల పొడవున, గడ్డితో పేనిన వంతెన ఇది. నాలుగు ఊళ్ళవాళ్ళు ఏటా పాతదాన్ని నదిలోకి వదిలేసి మూడు రోజుల్లో కొత్తది కడతారు, నాలుగో రోజు ఆటపాటలు. ప్రతి కుటుంబం ఇంటిదగ్గర పేనిన 70 మీటర్ల సన్నతాడు తెచ్చి అప్పగించాలి. ఆ సన్నతాళ్ళను కలిపి పేనితే మోకులవుతాయి. కరోనా వల్ల 2020లో కట్టలేకపోయారు. 2021 మార్చిలో పాత వంతెన తెగి పడిపోయింది. ఆ జూన్‌లోనే అందరూ చేరి మళ్ళీ కట్టారు. సియెసా వర్ణించిన మోకులు, వంతులు, విందు ఇక్కడ పుస్తకంలోంచి లేచి కళ్ళముందుకు వస్తాయి.

బృందంగా వెళ్ళేవారికి

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి పెరూ వీసా కావాలి. అయితే అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, షెంగెన్ దేశాల వీసా కనీసం ఆరు నెలల గడువుతో ఉంటే 2017 నుంచి మినహాయింపు ఉంది. అమెరికాలో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్ళకు ఈ ప్రయాణం సులువు కావడానికి ఇదొక కారణం. బయలుదేరే ముందు నిబంధన మారిందేమో చూసుకోవాలి.

విమానం నేరుగా 3,400 మీటర్ల ఎత్తున దింపుతుంది. తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం మామూలే. దీన్ని అక్కడ సొరోచె అంటారు. దిగిన రోజే కుస్కోలో తిరగకుండా తక్కువ ఎత్తున్న ఉరుబాంబ లోయకు వెళ్ళి రెండు రాత్రులు గడిపి, మచు పిచ్చు చూసి, ఆ పైన కుస్కోకు ఎక్కడం శరీరానికి మంచిది. బృందంలో ఒకరికి ఊపిరాడకపోయినా, నడక తడబడినా మిగతావాళ్ళు కార్యక్రమం పక్కనబెట్టి వెంటనే కిందికి దించాలి. కోకా ఆకు టీ హోటళ్ళలో మామూలుగా ఇస్తారు. ఆ ఆకులు భారతదేశానికి గాని అమెరికాకు గాని తేవడం నేరం.

మచు పిచ్చుకు రోజువారీ పరిమితి ఉంది, టికెట్టు మీద పేరు, పాస్‌పోర్టు నంబరు ఉంటాయి. కాబట్టి అందరికీ ఒకే వేళకు నెలల ముందే తీసుకోవాలి. మచు పిచ్చుకు నడిచి చేరే నాలుగు రోజుల ఇంకా కాలిబాటకు గైడ్లు, కూలీలతో కలిపి రోజుకు 500 మందినే అనుమతిస్తారు. ఫిబ్రవరిలో బాట మూసేస్తారు. బాట మీద డేరాలు, వంటసామాను మోసేది కెచువా రైతులు. ఒక్కొక్కరు మోసే బరువు 20 కిలోలు దాటకూడదని నియమం. బేరమాడి అతి తక్కువకు తెచ్చుకున్న యాత్రలో ఆ నియమం ఎవరి వీపు మీద తప్పుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఏజెన్సీని ఎంచుకునేటప్పుడు కూలీలకు ఎంత ఇస్తారు, వాళ్ళు ఎక్కడ పడుకుంటారు, ఏం తింటారు అన్నవి ధరకంటే ముందు అడగాలి.