సాము శిక్షణలో వాస్తవికత

సాము శిక్షణలో వాస్తవికత అంటే ఆత్మరక్షణ, పోరాట విద్యలు నేర్చేవారిని నిజమైన దాడిలోని వేగానికి, ప్రతిఘటనకు, అనిశ్చితికి గాయాల ముప్పు తగ్గించి అలవాటు చేసే బోధనా పద్ధతి. కుస్తీ, కర్రసాము నేర్పే శాలలను తెలుగునాట గరిడీలనీ, తాలింఖానాలనీ అంటారు. మహారాష్ట్రలోని షోలాపూర్‌లో వాటికి తాలీమ్ అనే మరాఠీ పేరు ఉంది.

కర్రసాములో ఒంటరిగా కర్ర తిప్పడం, జోడీతో ముందే కుదుర్చుకొన్న దెబ్బలు కాచుకోవడం చేతికి ఒడుపును, కాలికి నిలకడను ఇస్తాయి గాని, దెబ్బ ఎప్పుడు, ఎటునుంచి పడుతుందో తెలియని స్థితికి సిద్ధం చేయవు. ఈ లోటును మహారాష్ట్రలోని ఫరీ గద్కా కొంత తీరుస్తుంది. ఇందులో కత్తికి బదులుగా తోలు తొడిగిన కర్రను (గద్కా), చిన్న గుండ్రని డాలును (ఫరీ) పట్టి ఇద్దరు తలపడతారు. కుస్తీలోనైతే ప్రతి పట్టులోనూ ఎదుటివాడి పూర్తి బలం ఎదురవుతుంది.

జపాన్‌లో 1882లో కొడోకాన్ అనే జూడో శాలను స్థాపించిన జిగొరో కానో, ప్రమాదకరమైన దెబ్బలను స్వేచ్ఛా సాధన (రందోరి) నుంచి తొలగించి, మిగిలిన పట్లను పూర్తి బలంతో అభ్యసించే వీలు కల్పించారు. ఆధునిక శిక్షణలో మెత్తటి తొడుగులు, రబ్బరు కత్తులు, ఇరుకు స్థలాల్లో సాధన, తప్పించుకొని పారిపోయే అభ్యాసం చేరాయి. వేగాన్ని, ప్రతిఘటనను అంచెలంచెలుగా పెంచడం ఈ పద్ధతికి మూలసూత్రం.