గ్రామపు కావలి: బారికివాని కాలమునుండి నేటివఱకు



గ్రామరక్షణ యనగానే మనకు దొంగయు దోపిడికాడును తలపునకు వత్తురు. కాని గ్రామజీవనమును నిత్యము చెఱచునది దోపిడి గాదు. అది యేండ్లు పూండ్లకు ఒకమాఱు వచ్చునది. త్రాగునీటి చెఱువులో మలినము కలుపుట, వీధికాలువకు అడ్డముగా పెంట పోయుట, త్రాగివచ్చి నడివీధిని నిలిచి ఆడువారు వినుచుండగా తిట్టుట, పరుని చేలోనికి పశువులను తోలుట — ఇవి దినదినము జరుగునవి. వీనినెవరు అడ్డగించిరి? ఏ యధికారముతో అడ్డగించిరి? నరసన్నపేట పరిసరములను మనస్సునందుంచుకొని ఈ చరిత్రను మీకు మనవి చేసెదను.

మన పూర్వులు ఈ చిన్న నేరములను చిన్నచూపు చూడలేదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున నాగరకుడను నగరాధికారి ధర్మములను చెప్పుచోట వీనికి ప్రత్యేకముగా దండములు విధింపబడినవి. వీధిలో దుమ్ము పోసినవానికి పణములో 8వ వంతు, నీరు నిలుచునట్లు బురద చేసినవానికి 4వ వంతు, అదే రాజమార్గమైనచో రెట్టింపు. చచ్చిన పిల్లినో కుక్కనో పామునో ఊరిలో పాఱవేసినచో 3 పణములు, గాడిద, గుఱ్ఱము, ఎద్దు మొదలగువానికి 6, మనుష్యశవమునకు 50. నీటితావులయందును దేవాలయములయందును మలవిసర్జనము చేసినవానికి వేఱుగా దండము కలదు. రోగముచేతను ఔషధముచేతను భయముచేతను అట్లు జరిగినయెడల దండము లేదని కూడ ఆ శాస్త్రకారుడు చెప్పినాడు. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున ఇంకొక విశేషమున్నది. ఆపద లేకయే రాజమార్గమును మలినపఱచినవాడు 2 కార్షాపణములు చెల్లింపవలెను, వెంటనే ఆ మలినమును తానే యెత్తివేయవలెను. వృద్ధుడు, గర్భిణి, బాలుడు, ఆపదలోనున్నవాడు అయినచో ధనదండము లేదు, మందలింపు మాత్రమే. అయినను శుభ్రము చేయుట తప్పదు. నాకు ఈ రెండవ భాగమే మిక్కిలి రుచించినది. ధనవంతుడు రూకలు పాఱవైచి పోగలడు గాని, తాను పోసిన పెంటను నలుగురెదుట తాను ఎత్తవలసివచ్చినచో మఱల పోయడు.

శాస్త్రములు రాజధానిని గూర్చి చెప్పినవి. పల్లెలలో నాగరకుడు లేడు. ఉన్నవాడు తలారి. మన సీమలో ఆ మాటకంటె బారికి యను మాటయే ఎక్కువ వాడుక. 1901 జనాభా లెక్కల నివేదికలో విశాఖపట్నము జిల్లా ఉత్తరభాగమున గ్రామపు కావలివానికి ఈ పేరు కలదని వ్రాసియున్నారు. నరసన్నపేట అప్పుడు గంజాము జిల్లాలోనిది. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు విశాఖపట్నము జిల్లాలో చేరెను. 1950లో శ్రీకాకుళము జిల్లాలోనిదాయెను. జిల్లాలు మాఱినను బారికి మాఱలేదు.

అతని పనులను ఒక్కచోట చెప్పిన ఆశ్చర్యము కలుగును. రాత్రి గస్తీ తిరుగుట, దొంగ యడుగుజాడ పట్టి పొరుగూరి పొలిమేరదాక పోవుట, దండోరా వేయుట, బాటసారికి త్రోవ చూపుట, క్రొత్త మనిషి ఊరిలో దిగినచో నాయునికి చెప్పుట, చేలలో పడిన పశువులను బందెలదొడ్డికి తోలుట, జననమరణములను తెలుపుట. ఇంతటికిని ప్రతిఫలము కొంత మాన్యము, కళ్ళమువద్ద మేర. పంట పండినచో మేర, పండకున్న దండము పెట్టి మరలుట. జమీందారీ గ్రామములలో ఈ పద్ధతిని మాన్పి, రైతులవద్ద సెస్సు వసూలు చేసి జీతమిచ్చు ఏర్పాటునకై 1894లో చెన్నపట్నపు ప్రభుత్వము చట్టము చేసెను.

ఇక కుంఫిణీవారి కాలమునకు వత్తము. 1802లో వారు వంగదేశపు పద్ధతిని మన సర్కారు జిల్లాలయందును ప్రవేశపెట్టిరి. జమీందారులకు శాశ్వత పేష్కషు నిర్ణయించి, పోలీసు పనిని వారి చేతినుండి తీసి దరోగాలకు అప్పగించిరి. దరోగా జీతగాడు, పైవాడు. ఏ యింటివాడు ఏ రాత్రి ఎచ్చటికి పోయెనో అతనికేమి తెలియును? తెలిసిన బారికికి అతనిపై విశ్వాసము లేదు. పదునాలుగేండ్లలో ఆ యేర్పాటు కూలిపోయెను. సర్ థామస్ మన్రో విచారణసంఘమున కధ్యక్షుడై పని చేసిన పిమ్మట, 1816లో 11వ రెగ్యులేషను వెలువడెను. దానిచే దరోగాలు తొలగింపబడిరి. గ్రామపెద్దయు అతని చేతిక్రింది తలారియు తిరిగి పోలీసు అధికారులైరి. పల్లెను పల్లెవాడే కాపాడగలడను మాటను దొరలు నష్టపడి తెలిసికొనిరి.

ఆ రెగ్యులేషనులో మన విషయమునకు ముఖ్యమైన ఘట్ట మొకటి కలదు. తిట్లు, చిన్న కొట్లాటలు మొదలగు స్వల్పనేరములకు గ్రామపెద్ద నేరస్థుని 12 గంటలకు మించకుండ గ్రామపు చావడిలో కూర్చుండబెట్టవచ్చును. వకీలు లేడు, పట్టణమునకు నడక లేదు, నెలల వాయిదాలు లేవు. త్రాగినవాని మత్తు దిగుసరికి శిక్షయు ముగియును. ఇంతవఱకు మెచ్చుకొనదగినదే. కాని అదే వాక్యమున తరువాత మాట చూడుడు: నేరస్థుడు తక్కువజాతివాడైనచో వానిని 6 గంటలు మించకుండ బొండలో వేయవచ్చును. ఒకే తిట్టు ఇద్దరు తిట్టిరి. ఒకడు చావడి యరుగుమీద చల్లగా కూర్చుండెను, ఇంకొకడు కాళ్ళు కొయ్యలో బిగింపబడి ఎండలో నుండెను. న్యాయము ఊరిలోనికి వచ్చినది గాని, ఊరి పక్షపాతమును వెంటబెట్టుకొనియే వచ్చినది. గ్రామస్వపరిపాలనమును కీర్తించు మనబోటి వృద్ధులు ఈ ఘట్టమును దాటవేయుట నేను చాలమాఱులు చూచితిని.

బారికి సంగతియు నిట్టిదే. 1960 దశాబ్దపు చివర, నేను బాలుడనై యుండగా, మా యూరి బారికి కఱ్ఱ చేతబట్టి ఉదయముననే త్రాగునీటి చెఱువుగట్టున తిరుగుచుండెను. ఎవరైనను గేదెను దింపినచో దూరమునుండియే కేక వేసెడివాడు. చిన్న రైతులు వెనుదీసెడివారు. పెద్దింటి పాలేరు మాత్రము నవ్వి గేదెను ఇంకను లోనికి తోలెడివాడు. అప్పుడు బారికి నాయునివద్దకు పోవును, నాయుడు చూతమనును, అంతటితో సరి. ఆ చెఱువునకు కావలి అతడే. ఆ రేవున కుండ ముంచుటకు మాత్రము అతనికి స్వతంత్రము లేకుండెను. అస్పృశ్యతను నేరముగా నెంచు చట్టము 1955లోనే వచ్చియున్నది. పరుల నేరములను చెప్పుట అతని యుద్యోగము. అతనిపట్ల జరుగు నేరమును చెప్పుటకు ఊరిలో ఎవరికిని ఉద్యోగము లేదు.

బందెలదొడ్డిని గూర్చి రెండు మాటలు. 1871 చట్టమున ఇది దేశమంతట స్థిరపడినది. చేలో పడిన పశువును ఆ చేని సాగుదారుడు పట్టి దొడ్డికి తోలవచ్చును. యజమాని బందె రుసుమును మేత ఖర్చును చెల్లించి విడిపించుకొనవలెను, రానిచో వేలము. ఇందలి సొగసేమనగా, ఎద్దుకు కులము లేదు. ఎవరి యెద్దయినను దొడ్డిలో ఆకలిగొని అఱచును, ఆ యఱపు ఊరంతయు వినును. మనుష్యులకు వేసిన శిక్షలకంటె దీనియందు పక్షపాతమునకు చోటు తక్కువ. బొత్తిగా లేదనను, రాత్రివేళ దొడ్డి తలుపు తెఱచుకొనిన ఉదంతములు ప్రతి యూరను కలవు.

1855లో రెవెన్యూ, పోలీసు ఉద్యోగులు ప్రజలను హింసించుటను గూర్చిన విచారణ నివేదిక చెన్నపట్నమున వెలువడెను. దాని ఫలితముగా 1859లో 24వ చట్టముచే జీతముగల ప్రత్యేక పోలీసుశాఖ యేర్పడెను. ఘోరనేరములకు ఇది మేలే. చిన్న నేరములు మాత్రము పొలిమేర దాటి ఠాణాకు పోవలసినవాయెను. 1860 శిక్షాస్మృతిలో నీటితావును చెఱచినవానికి 3 మాసముల ఖైదో 500 రూపాయల జరిమానాయో వ్రాసియున్నది. ఒక చెంబెడు మలినమునకై ఊరివాడు ఊరివానిపై కోసులు నడచి ఫిర్యాదు చేయునా? సాక్షులు వత్తురా? శిక్ష పెద్దదైనకొలదిని దానిని విధించుట అరుదాయెను. 1889లో పట్టణములకై న్యూసెన్సు చట్టము వచ్చినది. నేటికిని పత్రికలలో న్యూసెన్సు కేసని చదువునది దాని పేరే.

పంచాయతీల చరిత్రను విస్తరింపను. 1920, 1950, 1964, 1994 సంవత్సరముల చట్టములు ఒకదానివెంట నొకటి వచ్చినవి. పారిశుద్ధ్యము, కాలువలు, దీపములు పంచాయతీకి చేరినవి. ఊరివారి వోటుతో ఎన్నికైన సర్పంచి ఊరివానిపై జరిమానా వేయుటకు జంకుట సహజము. 1984 జనవరిలో నందమూరి తారకరామారావు ప్రభుత్వము వంశపారంపర్యముగా వచ్చుచున్న మునసబు కరణముల పదవులను రద్దు చేసెను. అది చేయదగిన పనియే యని నా యభిప్రాయము. సేవకులు మాత్రము నిలిచిరి. పిదప వారికి గ్రామ రెవెన్యూ సహాయకులను పేరు వచ్చెను. కాగితములు మోయుట పెరిగెను, చెఱువుగట్టున తిరుగుట తగ్గెను.

2019 అక్టోబరు 2వ తేదీన గ్రామసచివాలయములు ప్రారంభమైనప్పుడు మహిళా సంరక్షణ కార్యదర్శి యను క్రొత్త యుద్యోగమును సృష్టించిరి. 2021లో వారికి మహిళా పోలీసులని పేరు పెట్టిరి. బెల్టు దుకాణములు, గృహహింస, బాల్యవివాహములు మొదలగువాని సమాచారమును ఠాణాకు అందించుట వారికి ఒప్పగించిన పనులలోనివి. చెత్తబండ్లతో ఇంటింటికి తిరుగుటకు హరిత రాయబారులని పంచాయతీలయందు కొందఱు నియమింపబడిరి. పేరు రాయబారి, చేతిలో ఈల. జరిమానా పుస్తకము లేదు. రాయబారము విననివానిని ఏమి చేయవలెనో నియామకపత్రమున వ్రాయలేదు.

ఇట్టి యాలోచన మనదేశమున మాత్రమే పుట్టినది కాదు. ఇంగ్లండున 2002 చట్టముచే పోలీసులకు తోడుగా సముదాయ సహాయాధికారులను ఏర్పఱచిరి. వారు కానిస్టేబులు వలె పూర్తి యధికారము కలవారు కారు. వీధిలో తిరుగుట, అల్లరిని మందలించుట వారి పని. అధికారమీయబడినవారు కానిస్టేబులు వచ్చువఱకు మనిషిని అరగంట నిలుపవచ్చును. చెత్త పాఱవైచినవానికిని, కుక్క మలమును వీధిలో వదలినవానికిని అచ్చటి స్థానిక సంఘముల యుద్యోగులు అక్కడికక్కడే జరిమానా చీటి వ్రాయుదురు. మన చావడిలో 12 గంటలు, వారి వీధిలో అరగంట. మన బారికికిని వారి యధికారికిని భేదము కాలపరిమాణమునందు లేదు. దొర కుమారునికైనను ఆ చీటి వ్రాయగలుగుటయందున్నది. వ్రాసినవాని కూలి మఱునాడు పోదు, వాని కుండను ఎవరును రేవునుండి తొలగింపరు.

మన దేశమున 2024 జూలై 1వ తేదీనుండి 1860 నాటి స్మృతికి మాఱుగా భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. అందు మొదటిసారిగా సమాజసేవ యను శిక్ష చేరినది. మనుస్మృతిలోని ఆ రెండవ భాగము జ్ఞప్తికి వచ్చి నేను ఆ సెక్షనులను వెదకి చదివితిని. త్రాగి బహిరంగస్థలమున అల్లరి చేసినవానికి 24 గంటల ఖైదో, 1000 రూపాయల జరిమానాయో, లేక సమాజసేవయో విధింపవచ్చును. తిట్టిన వీధినే ఊడ్పింపవచ్చునన్నమాట. నీటితావును చెఱచుటను గూర్చి 279వ సెక్షనున్నది. ఖైదు 6 మాసములవఱకు, జరిమానా 5000 రూపాయలవఱకు పెంచిరి. సమాజసేవను మాత్రము అచ్చట వ్రాయలేదు.