కంకణానికి అద్దమేల?



చేతి కంకణానికి అద్దమేల అని మనవారి సామెత. కంకణానికి సంస్కృతంలో కటకమని ఇంకొక పేరున్నది. మన భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథాలు వ్రాసినవారు ఆ శబ్దాన్నే లెన్సుకు వాడుకున్నారు. ఆ పరిభాష పట్టుకొని చదివితే, లెన్సు ఉండగా అద్దం దేనికని సామెత అడుగుతున్నట్లవుతుంది. తెలుగు పండితునికి ఇది శ్లేష. కెమెరాలు చేసేవారికీ, నక్షత్రాలు చూసేవారికీ మాత్రం తరతరాలుగా తేల్చుకోవలసి వచ్చిన ప్రశ్న.

ముందు కెమెరా సంగతి. డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా మీట నొక్కితే వినవచ్చే టప్పుమనే చప్పుడులో ఎక్కువ పాలు లోపలి అద్దానిది. లెన్సు వెనుక 45 డిగ్రీల వాలుగా నిలిచిన ఆ చిన్న అద్దం, వచ్చిన వెలుగును పైకి మళ్ళిస్తుంది. పైనున్న అయిదు పలకల పట్టకం కుడియెడమలు తారుమారైన బొమ్మను సరిచేసి కంటికి అందిస్తుంది. ఈ సదుపాయం లేని కాలంలో ఛాయాచిత్రకారుని అవస్థ వేరు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరచిన లాలా దీన్‌దయాళ్ వంటి మహానుభావులు నల్లగుడ్డ ముసుగులో దూరి, గరుకుటద్దం మీద తలక్రిందులుగా పడిన బొమ్మను చూసుకొనేవారు. తరువాత అక్కడ ప్లేటు అమర్చేవారు. ఇక చిత్రం పడే వేళకు కెమెరాలోంచి వారికి ఏమీ కనబడదు. అద్దం వచ్చి ఆ అవస్థను చాలవరకు తీర్చింది గాని పూర్తిగా తీర్చలేదు. చూస్తున్నంతసేపు అద్దం దారిలో ఉండాలి, చిత్రం పడే క్షణాన దారి వదలాలి. చూపునకూ నమోదుకూ ఒకే వెలుగు కావాలి. ఒకరికి ఇస్తే మరొకరికి లేదు.

ఈ తగవును తీర్చడానికి ఒక్కొక్కరు ఒక్కొక్క దారి తొక్కారు. 1936 నాటి కీనె ఎగ్జాక్టాలో అద్దం పైకి లేచిందంటే, మళ్ళీ ఫిల్ము తిప్పేదాకా దిగదు. అంతవరకు కంటికి చీకటే. 1954లో జపాను వారి అసాహీఫ్లెక్సులో అద్దం తనంతట తానే వెంటనే దిగివచ్చింది. 1965లో కెనాన్ వారు పెలిక్స్ అనే కెమెరాలో అసలు కదలని అద్దం పెట్టారు. అది పలుచని పొర. వచ్చిన వెలుగులో మూడింట ఒక వంతు కంటికి పంపి, తక్కినది ఫిల్ముకు విడిచిపెడుతుంది. డిజిటల్ యుగంలోనూ ఇవే ఆలోచనలు వేషాలు మార్చుకొని వచ్చాయి. 2003 నాటి కెనాన్ 300డిలో గ్రాహకం చిన్నది గనుక అద్దాన్నీ చిన్నది చేశారు. దానివల్ల లెన్సు వెనుకభాగం మరికొంత లోపలికి చొచ్చుకుపోవడానికి చోటు దొరికింది. 2004లో ఒలింపస్ ఇ-300 అద్దాన్ని పైకి కాక పక్కకు తిప్పింది. సోనీ వారు 2010లో మళ్ళీ కదలని అర్ధపారదర్శక దర్పణానికే వచ్చారు. ఇంతలో 2008లో పానాసోనిక్ జి1 అద్దాన్నే తీసివేసింది. గ్రాహకం చూస్తున్నదాన్నే చిన్న తెరపై కంటికి చూపవచ్చునని తేలినాక అద్దానికి పని తగ్గింది. 2018 నాటికి కెనాన్, నికాన్ పెద్ద గ్రాహకాల కెమెరాలలోనూ ఆ దారికే వచ్చాయి. సామెతే గెలిచిందన్నమాట.

అయితే ఇదే ప్రశ్నకు మా ఇరుగుపొరుగున సరిగ్గా ఎదురు జవాబు వచ్చింది. నేనుండేది మాణికేశ్వర్ నగర్. వడ్డెర బస్తీ అంటే తార్నాక వారికి ఇంకా సులువుగా తెలుస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న పేట ఇది. ఆ విశ్వవిద్యాలయపు ఖగోళశాస్త్ర చరిత్ర కటకంతో మొదలై దర్పణం దగ్గరకు చేరింది.

కథకు ఆద్యుడు నవాబు జఫర్ జంగ్ బహదూర్. ఇంగ్లండు నుండి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్ బండలో వేధశాలను నెలకొల్పి, ఆరవ నిజాము అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టుకున్నారు. అది కటకపు దూరదర్శిని. అప్పటికే అద్దపు దూరదర్శినులు ఉన్నాయి. న్యూటన్ మొదటిది చేసి రెండు శతాబ్దాలు దాటింది. మరి నవాబుగారు కటకాన్ని ఎందుకు కోరారు? నా ఊహ ఇది. ఆనాటి గాజుటద్దాల మీద వెండిపూత ఉండేది. వెండి నల్లబడుతుంది, మాటిమాటికీ కొత్తపూత వేయించాలి. ఆ విద్య తెలిసినవాడు ఊళ్ళో ఉండాలి. కటకానికి అంత ఊడిగం అక్కరలేదు, తుడుచుకుంటే చాలు. సొంత ఖర్చుతో వేధశాల నడపదలచిన ప్రభువుకు అదే మెరుగని తోచి ఉంటుంది.

ఆయన 1907లో కన్నుమూశారు. మరుసటి ఏడు ప్రభుత్వం వేధశాలను స్వీకరించింది, తరువాత అది బేగంపేటకు మారింది. అక్కడ 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో ఆకాశాన్ని గాజుపలకల మీదికి ఎక్కించారు. ప్రపంచంలోని పలు వేధశాలలు ఆకాశాన్ని వంతులు పంచుకొని చేసిన నక్షత్ర పట్టికలో, చిలీలోని శాంటియాగో వారు పూర్తిచేయలేకపోయిన దక్షిణ ఖండం, అంటే మైనస్ 17 నుండి మైనస్ 23 డిగ్రీల వరకు, హైదరాబాదుకు వచ్చింది. పిదప పాట్స్‌డామ్ వారి వంతులోని ప్లస్ 36 నుండి 39 డిగ్రీలు కూడా మనవారే చేశారు. చాట్‌వుడ్, పోకాక్, ఆ తరువాత 1918 నుండి టి.పి. భాస్కరన్ ఈ భారం మోశారు. 1919లో వేధశాల ఉస్మానియాకు సంక్రమించింది. విశాలమైన ఆకాశపు ముక్కను ఒక్క పలకపై అంచులదాకా స్ఫుటంగా పట్టాలంటే ఆనాటికి కటకమే తగినది. కాబట్టి ఆ ఎంపికను తప్పుపట్టలేము.

కాని కటకానికి ఒక హద్దున్నది. వెలుగు దానిలోంచి పోవాలి గనుక గాజు లోపలంతా నిర్దోషంగా ఉండాలి. అంచున మాత్రమే పట్టి నిలపాలి గనుక పెద్దదైతే తన బరువుకు తానే వంగుతుంది. ఒక్కొక్క రంగు ఒక్కొక్క దూరాన కూడుకుంటుంది. 1897 నాటి యర్కీస్ వారి 40 అంగుళాల కటకమే నేటికీ ఆ జాతిలో పెద్దది. అద్దానికి ఒక్క ముఖం సరిగా ఉంటే చాలు. వీపున ఎన్ని ఊతలైనా ఇవ్వవచ్చు, రంగులభేదం లేదు. 1930ల తరువాత శూన్యంలో అల్యూమినియం పూత వేయడం కుదిరి, వెండి బెడద కూడా తగ్గింది.

అందుకే అక్బర్ అలీగారు సంచాలకులుగా ఉండగా 48 అంగుళాల అద్దపు దూరదర్శిని కావాలని తలపెట్టారు. 15 అంగుళాలదానితో పోలిస్తే వైశాల్యం పదింతలు. పిట్స్‌బర్గులోని ఫెకర్ సంస్థ దానిని తయారుచేసింది. 1960లో వచ్చిన కె.డి. అభ్యంకర్‌గారి ఆధ్వర్యంలో, నగరపు దీపాలకు దూరంగా, జపాల్, రంగాపూర్ గ్రామాల మధ్య 1968లో అది నిలిచింది. ఒకదానినొకటి మరుగుపరచుకొనే జంట నక్షత్రాల వెలుగును అతినీల, నీల, పసుపు వన్నెలలో విడివిడిగా కొలవడం వారి ముఖ్యమైన పని. రంగుకొక చోట కూడుకొనే కటకంతో ఆ కొలతలు సుఖంగా సాగవు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణపు బాట కూడా ఆ గుట్టల మీదుగానే పోయింది.

ఇక్కడొక మాట చెప్పకుండా ఉండలేను. నిజామియాలో పనిచేసిన ఉద్యోగి కుమారుడు, హైదరాబాదులో చదువుకున్నవాడు వేణు బప్పు. కటకాల నీడన పెరిగిన ఆ బాలుడే పెద్దవాడై, తమిళనాడులోని కావలూరుకు 93 అంగుళాల దర్పణాన్ని మన దేశంలోనే సానపట్టించే పనికి పూనుకున్నాడు. 1982లో ఆయన పోయారు. 1986లో ఆ దూరదర్శినికి ఆయన పేరే పెట్టారు.

దర్పణాన్ని ఎన్నుకోవడమంటే దాని ఊడిగాన్ని కూడా ఒప్పుకోవడమే. కెమెరాలోనైనా, గుమ్మటం కిందనైనా ఈ అద్దాలకు పూత గాజు వెనుక ఉండదు, ముందే ఉంటుంది. వేలు పడరాదు, గుడ్డ తగలరాదు. ధూళీ తేమా కలిసి అల్యూమినియాన్ని కొన్నేళ్ళలోనే మసకబారుస్తాయి. రంగాపూర్ వేధశాల ఆలనాపాలనా లేక మూలబడిందని ఈ మధ్యకాలంలో పత్రికలు పలుమార్లు వ్రాశాయి. నవాబుగారు 1901లో వద్దనుకున్న ఊడిగమిదేనేమో! అయితే అద్దంలో చెడేది పూతే గాని, గాజుకు సానపట్టిన వంపు చెక్కుచెదరదు. దానిని గొట్టం నుండి దించి, పాతపూతను రసాయనంతో కడిగి, నాలుగడుగులకు మించిన వెడల్పున్న శూన్యపేటికలో ఉంచి, కాచిన అల్యూమినియపు ఆవిరిని దాని ముఖాన పట్టించాలి. ఆ పొర మందం వెంట్రుకలో సుమారు వెయ్యోవంతు ఉంటుంది.