ఏనుగుల సీమలో ముదురు గుర్రం

కళింగ రాజు సైన్యం ఎంత? రెండువేల ఏళ్ళ కిందట రోమ్ రచయిత ప్లినీ ఒక లెక్క రాసిపెట్టాడు. కాల్బలం 60,000. గుర్రాలు 1,000. ఏనుగులు 700. ఆయన ఇటువైపు వచ్చినవాడు కాడు. అంతకు ముందు గ్రీకులు రాసిన వాటిని చదివి ఎత్తి రాసుకున్నాడు. అంకెలు అటూ ఇటూ అయితే కావచ్చు గాని, వాటి పొందిక మాత్రం మన సీమను ఎరిగినవాడు చెప్పినట్టే ఉంది. అరవై మంది బంట్లకు ఒక్క గుర్రం. ఏనుగులేమో పది గుర్రాలకు ఏడు!

శ్రీముఖలింగం వెళ్ళినప్పుడల్లా నాకు ఈ లెక్క గుర్తొస్తుంది. వంశధార ఎడమ గట్టున, జలుమూరు మండలంలో, మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు కొలువున్న ఈ ఊరే తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట. ఆ మాట ముందుగా గట్టిగా చెప్పినవారిలో మన గిడుగు రామమూర్తి ఒకరు. 1863లో ఈ దగ్గరి పర్వతాలపేటలోనే పుట్టారాయన. వాడుక భాష ఉద్యమానికి ముందు ఆయన కుస్తీపట్టింది ఈ గుడి గోడల మీది శాసనాలతో.

ఇక్కడి రాజులు ఏనుగుల రాజులు. వాళ్ళ తర్వాతి తరాలకు గజపతులనే బిరుదు ఊరికే రాలేదు. శ్రేష్ఠమైన ఏనుగులు ఎక్కడివని చెబుతూ కౌటిల్యుడి అర్థశాస్త్రం కళింగాన్ని ముందు వరసలో పెట్టింది. ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ కూడా కళింగపు నల్లని అడవి ఏనుగులకు చుట్టుపక్కల రాజ్యాల్లో ఉన్న గిరాకీ గురించి రాశాడు. గుర్రాల దగ్గరకొచ్చేసరికి అదే అర్థశాస్త్రం కాంభోజం, సింధు, ఆరట్టం, వనాయు అని పేర్లు చెప్పింది. అన్నీ పడమటి, వాయవ్య దిక్కులవే. మన పేరు లేదు. ఉండదు కూడా. గుర్రానికి ఎండు నేల కావాలి, మేత బీళ్ళు కావాలి. ఏడాదిలో సగం కాలం బురదగా ఉండే వరి నేలలో గిట్ట మెత్తబడుతుంది, కుళ్ళుతుంది. వంశధార, నాగావళి మధ్య గుర్రాన్ని పెంచడం చేపను గట్టున మేపడమే.

పుట్టించుకోలేనిదాన్ని కొనాలి. కొన్న జంతువుతో వచ్చే చిక్కు ఏమిటంటే, అది మన చేతుల్లో పెరిగింది కాదు. దాని బాల్యం మనకు తెలియదు. ఎవరు కొట్టారో, ఎవరు మేపారో, అసలు ఎవరైనా ముట్టుకున్నారో లేదో తెలియదు. ఏడెనిమిదేళ్ళు నిండి, వీపు మీద ఒక్కసారీ జీను పడని గుర్రం ఇంటికొస్తే ఏం చేయాలి? ఈ ప్రశ్న మనకు కొత్తగా కనిపిస్తుంది గాని, ఏనుగుల సీమవాళ్ళకు ఇది పాత పాఠమే.

ఎందుకంటే ఏనుగును గున్నగా పట్టుకొచ్చి పెంచమని మన పాతవాళ్ళు చెప్పలేదు. పాలు తాగే గున్నను, దంతాలు లేనిదాన్ని, రోగిష్ఠిని, చూలుతో ఉన్నదాన్ని, పాలిచ్చేదాన్ని పట్టవద్దన్నాడు కౌటిల్యుడు. ఇరవై ఏళ్ళదాన్ని పట్టమన్నాడు. అంటే అడవిలో ఇరవై ఏళ్ళు తన ఇష్టానికి తిరిగిన జంతువును తెచ్చి, దాని మెడ మీద మావటి కూర్చోవాలి! గుర్రానికైతే నాలుగైదేళ్ళకు నిండు ఎదుగుదల వస్తుందని, అప్పుడే పనికి తగినదని ఆ గ్రంథమే చెబుతుంది. ఇవాళ మలక్‌పేట లాంటి రేసుకోర్సుల్లో పరిగెత్తే గుర్రాలకు ఏడాదిన్నరకే జీను పడుతోంది. గుర్రం వెన్నెముకలో ఎముకలు పూర్తిగా గట్టిపడేది అయిదేళ్ళు దాటాకే అని పశువైద్యులు ఇప్పుడు చెబుతున్నారు. కౌటిల్యుడి లెక్కే నయం.

మొక్కై వంగనిది మానై వంగునా అని ఒక సామెత ఉంది మనకు. శ్రీముఖలింగంలో నిలబడి ఆ సామెత చెప్పడానికి నాకు నోరు రాదు. ఇక్కడ వెలసిన దేవుడే మాను. సవరల దొర నరికిన ఇప్పచెట్టు మొదట్లోంచి శివుడు ముఖంతో కనిపించాడని స్థలపురాణం. మధూకం అంటే ఇప్ప, అందుకే మధుకేశ్వరుడు. సరే, అది భక్తుల మాట. జంతువుల మాటకొస్తే ఆ సామెత సగమే నిజం. మానును వంచడం కష్టం, ఒప్పుకుంటాను. కానీ ముదురు జంతువును ఎవరూ వంచరు. ఒప్పిస్తారు.

ఒప్పించకపోతే ఏమవుతుందో మార్కోపోలో చూశాడు. పదమూడో శతాబ్దం చివర ఆయన మన మోటుపల్లిని ముత్ఫిలి అని రాసుకున్న యాత్రలోనే దక్షిణాన పాండ్య సీమలో గుర్రాల వ్యాపారాన్ని గమనించాడు. హోర్ముజ్ నుంచి, కిష్ ద్వీపం నుంచి, ఏడెన్ నుంచి ఓడల్లో గుర్రాలు దిగుతాయి. ఒక్కో రాజు ఏటా రెండువేలు కొంటాడు. ఏడాది తిరిగేసరికి వందైనా మిగలవు. గుర్రాన్ని ఎలా చూసుకోవాలో తెలిసినవాళ్ళు అక్కడ లేరు, మాంసం కలిపి వండిన అన్నం పెడతారు, గుర్రపు వైద్యుల్ని వర్తకులు రానివ్వరు, బతికితే వాళ్ళ బేరం పోతుందని! అతిశయోక్తి ఉంటే ఉండొచ్చు. కానీ గుర్రం చచ్చింది ముదురుదై కాదు, చేతులు తెలియనివై.

చేతులు తెలిసినవాళ్ళను తెలుగు రాజులు నెత్తిన పెట్టుకున్నారు. కాకతీయుల కాలంలో సాహిణి అనే మాట ఆ కోవలోదే. గుర్రాలను తీర్చేవాడు, అశ్వదళానికి పెద్ద. గణపతిదేవుడి కొలువులో గంగయసాహిణి ఆ పేరుతోనే ఒక సీమను ఏలాడు. చిత్రమేమిటంటే ఏనుగులవాడికీ అదే మాట తగిలించారు. నృత్తరత్నావళి రాసిన జాయపసేనాని గజసాహిణి. నాట్యానికి లక్షణగ్రంథం రాసిన మనిషి వృత్తి రీత్యా ఏనుగుల పెద్ద! జంతువు అడుగు ఎప్పుడు లేస్తుందో కనిపెట్టిన కన్నే ఆటకత్తె అడుగునూ కనిపెట్టిందేమో. ఇది నా ఊహ, చరిత్ర కాదు.

మన సీమ గుర్రపు మాటలు కూడా గుర్రాల్లాగే ఓడలెక్కీ, దారులు తొక్కీ వచ్చినవే. గోల్కొండ సుల్తానుల ఫౌజుదార్లు శ్రీకాకుళంలో మకాం పెట్టి 1641లో పెద్ద మసీదు కట్టించేనాటికి జీను, రికాబు, లగాము, సవారీ లాంటి పారసీ, అరబ్బీ మాటలు ఇక్కడి నోళ్ళలో నానుతున్నాయి. కళ్ళెం ఇంకా పాతది. సంస్కృతంలో దాన్ని ఖలీనం అంటారు, అది గ్రీకు ఖలినోస్ నుంచి వచ్చిందని పండితులు. మన కళ్ళేనికీ ఆ చుట్టరికం ఉందనే నా అనుమానం.

గ్రీకుల మాట వచ్చింది కాబట్టి అలెగ్జాండర్ గుర్రం బుసెఫలస్ సంగతి. పదమూడు టాలెంట్ల ధర చెప్పి ఒక వర్తకుడు ఫిలిప్ రాజు ముందుకు తెచ్చాడు. ఎవర్నీ ఎక్కనివ్వలేదు. తిప్పి పంపేయమన్నాడు రాజు. కుర్రవాడైన అలెగ్జాండర్ మాత్రం అది తన నీడను చూసి బెదురుతోందని కనిపెట్టి, ముఖాన్ని సూర్యుడివైపు తిప్పి, నిమురుతూ కాసేపు పక్కనే నడిచి, ఎక్కాడు. ఈ కథ అందరికీ తెలుసు. చాలామంది వేయని లెక్క ఒకటుంది. ఆ గుర్రం క్రీస్తుపూర్వం 326లో జీలం ఒడ్డున ముప్పై ఏళ్ళ వయసులో చచ్చిపోయిందని ప్లూటార్క్ ఒనెసిక్రిటస్ మాటగా రాశాడు. అలెగ్జాండర్‌కూ అప్పటికి ముప్పై. అంటే కుర్రవాడు దాన్ని ఎక్కిననాటికి దానికీ పన్నెండు, పదమూడేళ్ళు ఉండాలి. ప్రపంచంలో అందరికంటే పేరుమోసిన గుర్రం, పళ్ళన్నీ ఊడిపడి మళ్ళీ వచ్చి ఏడెనిమిదేళ్ళు దాటాక దారికొచ్చిందన్నమాట.

మన మద్రాసు రాజధానికి ఇలాంటివి ఓడల కొద్దీ వచ్చిన కాలం కూడా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ నుంచి సైన్యానికి గుర్రాలు తెప్పించుకునేవాళ్ళు. ఆ సీమ పేరు మీదే వాటికి వేలర్లని పేరు. బీడుల్లో మందలుగా పెరిగి, మనిషి చేయి సరిగా పడకుండానే ఓడెక్కినవి వాటిలో చాలా ఉండేవి. వాటిని హొసూరు లాంటి సైనిక పోషణ కేంద్రాల్లో తీర్చి పటాలాలకు పంపేవాళ్ళు. విజయనగరంలో కంటోన్మెంట్ అని ఇప్పటికీ పిలిచే పేట ఆనాటి పటాలం పెట్టిన పేరే.

తీర్చడమంటే అప్పట్లో ఎక్కువచోట్ల లొంగదీయడమే. అమెరికా నుంచి ఇంగ్లండు వచ్చిన జాన్ రేరీ 1858లో, నోటికి ఇనుప బుట్టతో ఏళ్ళ తరబడి కట్టేసి ఉంచిన క్రూయిజర్ అనే మగ గుర్రాన్ని మచ్చిక చేశాడు; విక్టోరియా రాణి మెప్పూ పొందాడు. ముందు కాలొకటి మడిచి పట్టీతో కట్టి, గుర్రం అలసి నేల మీద ఒరిగేదాకా ఓపిక పట్టి, అప్పుడు ఒళ్ళంతా నిమరడం ఆయన పద్ధతి. కొరడా దెబ్బల కాలంలో అది దయే. ఇవాళ్టి శిక్షకులు చాలామంది దాన్ని ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను. కాలు కట్టేసినప్పుడు ఊరుకున్న జంతువు ఒప్పుకుందో, ఆశ వదులుకుందో మనకెలా తెలుస్తుంది?

మరి ఇప్పుడెలా చేస్తారు? ముదురు గుర్రం ఇంటికి రాగానే మొదట చూసేది జీను కాదు, నోరు. అయిదేళ్ళకు ముందరి పాలపళ్ళన్నీ పోయి గట్టి పళ్ళు వస్తాయి, ఆపైన అరుగుదలను బట్టి వయసు అంచనా. తర్వాత గిట్టలు, వీపు, కీళ్ళు. నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటే ఎత్తనిస్తే చాలు, మొదటి వారం గడిచినట్టే. గుర్రానికి కళ్ళు పక్కలకు ఉంటాయి. సరిగ్గా వెనక, ముక్కు ముందు దానికి కనపడదు. ఎడమ వైపు నేర్పింది కుడి వైపు కొత్తగా తోచవచ్చు. అందుకని ప్రతి పాఠం రెండుసార్లు చెప్పాలి. గుడ్డ ముక్కతో మెడ, భుజం, వీపు రాస్తారు. బెదిరితే గుడ్డను లాక్కోరు, నిలబడేదాకా అక్కడే ఉంచుతారు. నిలబడిన క్షణాన తీసేస్తారు. ఆ తీసేయడమే పాఠం. గుర్రం ఒత్తిడితో నేర్చుకోదు, ఒత్తిడి తగ్గిన క్షణంలో నేర్చుకుంటుంది.

ఆపైన జీను కింద వేసే మందపాటి గుడ్డ, తర్వాత పొట్ట కింద పట్టీ. పట్టీని ఒక్కసారిగా బిగిస్తే మొదటికే మోసం. ఒక్కో రంధ్రం చొప్పున, మధ్యలో నాలుగడుగులు నడిపించి బిగించాలి. జీను పడ్డాక మనిషి వెంటనే ఎక్కడు. పొడుగు పగ్గాలు పట్టుకుని వెనక నడుస్తూ మలుపులు, ఆగడం నేర్పుతాడు. నాగలి వెనక నడిచే రైతుకు ఇది చెప్పక్కర్లేదు. ఎక్కే రోజున కూడా ముందు బొర్లా పడుకుని బరువు చూపిస్తారు, దిగిపోతారు. పడుచు గుర్రానికి మించి ముదురుదానికి కావలసింది సమయమే. దాని వీపు కండరాలు ఏళ్ళ తరబడి ఒక్క కిలో మోయలేదు. పది నిమిషాలు ఎక్కి మర్నాడు వదిలేయాలి. తలకు హెల్మెట్, పక్కన రెండో మనిషి లేకుండా ఈ పనికి దిగినవాడిని ధైర్యవంతుడని నేను అనను.

ఇన్ని చేసినా మొండికేస్తే? పక్కన ఒక పాత గుర్రాన్ని నిలబెడతారు. నెమ్మదైనదాన్ని, అన్నీ చూసినదాన్ని. అది బెదరని చోట ఇదీ బెదరదు. ఇది మన అడవి ఏనుగుల కుంకీ పద్ధతే. కొత్త ఏనుగుకు అటొకటి ఇటొకటి మచ్చికైన ఏనుగులు. జలుమూరు, సారవకోట చేలల్లో కోడెను కాడికి మరిపే రైతు చేసేదీ అదే, పక్కన ముసలి ఎద్దును కట్టడం. ఏనుగుకు, ఎద్దుకు, గుర్రానికి ఒకటే విద్య.

గాంగుల రాజధాని పన్నెండో శతాబ్దంలో చోడగంగదేవుడి కాలంలో ఇక్కణ్ణుంచి కటకం వైపు మళ్ళింది. ఆ వంశంలోనే పదమూడో శతాబ్దంలో నరసింహదేవుడు కోణార్క కట్టించాడు. శ్రీకాకుళం పక్కన అరసవల్లిలో సూర్యుడికి ఏడు గుర్రాలు కట్టి సారథి అనూరుణ్ణి కూర్చోబెట్టినవాళ్ళే, అక్కడ గుడినే రథం చేసి, ఏడు గుర్రాలతో లాగించారు. ఆ గుడికి దక్షిణాన మరో రెండు పెద్ద యుద్ధాశ్వాలున్నాయి. కిందపడ్డ శత్రువుల మీంచి అడుగేస్తున్నాయి. సర్వాలంకారాలూ ఉన్నాయి, వీపు మీద రౌతు లేడు. పక్కన ఒక మనిషి నేల మీద నడుస్తున్నాడు, అంతే. కళావిమర్శకుడు హావెల్ దొర వాటిలో ఒకదాన్ని వెనిస్‌లోని వెర్రోక్కియో గుర్రంతో పోల్చాడు.

గజపతుల నేలైన ఒడిశా, రాష్ట్ర ముద్రకు ఏనుగును ఎంచుకోలేదు. ఆ ప్రభుత్వ కాగితాల మీద ఉన్నది కోణార్క గుర్రమూ, దాని పక్కన నడిచే మనిషీ.