వీధికి వీపు తిప్పిన ఇళ్లు

ఇంటి ముఖం తూర్పుకా, ఉత్తరానికా అని వాస్తు తెలిసినవాళ్లు తగువులాడుకుంటారు గానీ, ఏ దిక్కైనా అది వీధి వైపే వుండాలన్నదాంట్లో ఎవరికీ పేచీ లేదు. ముగ్గు వెయ్యాలన్నా, కూరలమ్మిని పిలవాలన్నా, ఎదురింటికి ఎవరొచ్చారో చూడాలన్నా వీధి గుమ్మమేగా! అలాంటిది ఊరు ఊరంతా వీధికి వీపు తిప్పి, తోట వైపు ముఖం పెట్టుకుని కూర్చుంటే?

అలా కూర్చున్న ఊరొకటి వుంది. పేరు రాడ్‌బర్న్. అమెరికాలో, న్యూయార్క్ నగరానికి చేరువలో, న్యూజెర్సీ రాష్ట్రంలో. పొలాలు కొని వేసిన కాలనీ అది. 1929లో మొదటి కుటుంబాలు అక్కడ కాపురానికి దిగాయి.

ఆ రోజుల్లో అమెరికా అంతా కార్ల మయం. ఫోర్డు కంపెనీ 'మోడల్ టి' కార్లే 1927 నాటికి కోటిన్నర తయారయ్యాయి. బడికెళ్లిన పిల్లాడు రోడ్డు దాటి క్షేమంగా ఇంటికి వస్తే చాలని తల్లులు గుండెలు చిక్కబట్టుకునే కాలం. క్లారెన్స్ స్టెయిన్, హెన్రీ రైట్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు ఈ భయాన్నే ముందు పెట్టుకుని ఊరు గీశారు.

మనకి తెలిసిన లేఅవుట్లలో ముందు రోడ్లు, తర్వాత ప్లాట్లు. ఎందుకూ పనికిరాని మూల మిగిలితే దానికి పార్కు అని బోర్డు. వీళ్లు తిరగేశారు. ముప్ఫై నుంచి యాభై ఎకరాల పెద్ద ముక్క తీసుకుని, నడి మధ్యన పార్కు గీసి, ఇళ్లని దాని చుట్టూ పేర్చారు. కార్లు పెద్దరోడ్డు మీంచి చిన్న సందుల్లోకి వచ్చి ఆగిపోతాయి. సందుకి అవతల దారి వుండదు. వంటిల్లు సందు వైపు, హాలూ పడకగదులూ తోట వైపు. తోటలోంచి కాలిబాట బడిదాకా వెళుతుంది. పెద్దరోడ్డు అడ్డొచ్చిన చోట కారు పైనుంచి, పిల్లలు కిందనుంచి!

బాగానే వుంది, డబ్బు మాటేమిటి? సంసారం నడిపేవాళ్లకి ముందొచ్చే ప్రశ్న ఇదే. స్టెయిన్ ఆ లెక్క కూడా రాసిపెట్టాడు. మామూలు పద్ధతితో పోలిస్తే రోడ్లకి పోయే నేలా, నీటి గొట్టాలూ మురుగు గొట్టాల పొడవూ నాలుగో వంతు తగ్గాయట. మొత్తం స్థలంలో నూటికి పన్నెండు, పదిహేను వంతులు పార్కులకి పోయినా, వాటి ఖర్చూ, చదునుచేసి చెట్లు వేయించిన ఖర్చూ ఆ మిగులులోనే వచ్చాయట. ఒక డబ్బాలోంచి తీసి ఇంకో డబ్బాలో వెయ్యడం మనకి కొత్తా? కాకపోతే ఎవరి పెరడు వాళ్లకి చిన్నదైంది. దానికి ఒప్పుకోవాలి.

ఆ తోటలు తీర్చినావిడ మార్జొరీ సూవెల్ కాట్లీ. 1917లోనే కార్నెల్ విశ్వవిద్యాలయంలో తోటల రూపకల్పన చదివి పట్టా పుచ్చుకున్నారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయిన పిల్ల. విదేశీ మొక్కల ఆర్భాటం పెట్టుకోకుండా, ఆ ప్రాంతపు నేలమీద పుట్టి పెరిగే చెట్లనీ పొదలనీ ఏరి నాటించారు. నాగళ్లు రాకముందు అక్కడుండిన జాతులు ఇళ్లొచ్చాక మళ్లీ చేరాయన్నమాట. తర్వాత ఆవిడకి మానసిక వ్యాధి పట్టుకుంది. 1937 నుంచి ఏళ్లతరబడి ఆసుపత్రులు. ఆ నడుమనే, 1940ల్లో, నగర నిర్మాణం చదివి ఇంకో పట్టా తీసుకున్నారు! 1954లో పోయారు. రాడ్‌బర్న్ అనగానే ఆర్కిటెక్టులిద్దరి పేర్లే చెబుతారు. నాకు మాత్రం ముందు ఈవిడే గుర్తొస్తారు.

ఇరవై అయిదువేల మంది వుండే పట్నం కావాలని వాళ్ల కల. కానీ ఇళ్లు లేస్తున్న ఏడాదే ఆర్థిక మాంద్యం విరుచుకుపడింది. 1934లో కంపెనీ దివాలా తీసింది. చివరికి మిగిలింది నూటయాభై ఎకరాలకి ఒక ఎకరం తక్కువ, ఏడువందల లోపు కాపురాలు, ఇరవైమూడు ఎకరాల పార్కు. ఇంకోటీ చెప్పాలి. అందరిదీ అన్న ఆ తోటలోకి మొదట్లో అందరినీ రానివ్వలేదు. నల్లవారికీ యూదులకీ అక్కడ ఇళ్లు దొరకనిచ్చేవారు కారు. ఎంత అందమైన నమూనా అయినా ఈ మచ్చ దాచకూడదు.

ఈ పద్ధతి మన దేశం దాకా వచ్చింది. చండీగఢ్‌కి 1950లో ఆల్బర్ట్ మేయర్ గీసిన తొలి ప్లానులో రాడ్‌బర్న్ నీడ వుంది. తర్వాత ఆ పని లె కార్బూజియే చేతికి వెళ్లినా, సెక్టార్ల గుండా సాగే పచ్చని పట్టీలు అలాగే నిలిచాయి.

రాడ్‌బర్న్‌లో ఈనాటికీ ప్రతి ఇల్లూ ఏటా ఇంత అని చెల్లిస్తే, ఆ డబ్బుతో ఊరి సంఘం పార్కుల్ని చూసుకుంటోంది. 2005లో దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. అయితే ఆర్కిటెక్టులు అనుకోనిది ఒకటి జరిగింది. చుట్టాలు కార్లలో వస్తారు, కారు సందులోనే ఆగుతుంది, దాంతో వాళ్లు తోటవైపు సింహద్వారం వదిలేసి వంటింటి గుమ్మంలోంచే లోపలికి వచ్చేస్తారు. పిల్లలు మాత్రం తక్కువా? అంత పార్కు వుండగా ఆ సందుల్లోనే ఆడుకునేవాళ్లట. అమ్మ వంటింట్లో వుంది కదా మరి!