ఎడమ పక్క ఖాళీ

గోలీని తిట్టబాకండిరా. పొద్దుగూకినప్పటినించి ఈ చలిమంట కాడ మీ మాటలు వింటానే ఉండా. చేతిలోకొచ్చిన బంతిని జారవిడిచినాడంట, వాడి వల్లనే ఓడిపోయినారంట. ఒకడు ఆపితే ఇంకొకడు మొదలుపెడతా ఉండాడు. ఫైనలు దాకా పోయి ఓడితే కడుపులో ఎట్ట తిప్పేస్తదో నాకు తెలుసు. మూడు రోజులు అన్నం సయించదు. కాకపోతే ఓడిన ఆటను విప్పి చూసేటప్పుడు అందరి కంటా పడిన తప్పు ఒక్కటే పట్టుకొని కూర్చోబాకండి. ఆట చేయి జారింది వేరే చోట ఉంటది. ఆ మొద్దు కొంచెం లోపలికి తోసి ఇట్ట దగ్గరికి రాండి, చెప్తా.

నేను చెప్పేది 1965-66 నాటి ముచ్చట. ఆ యేడే సంతోష్ ట్రోఫీలో మన ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాలోళ్ళని కొట్టి కప్పు తెచ్చింది. ఫుట్‌బాల్‌లో బెంగాలోళ్ళని కొట్టడమంటే ఏమనుకున్నారు! పేపర్లో ఆ వార్త చదివి మేం ఎగిరి గంతులేసినాం. కప్పు గెలిచిన జట్టులో ఎక్కువమంది హైదరాబాదు, సికిందరాబాదు పిల్లకాయలే. మన నెల్లూరోడు ఒక్కడన్నా ఉంటే బాగుండునని మా కోరిక.

అప్పుడు ఈ మెట్ట పక్క పిల్లకాయలు డిగ్రీ చదవాలంటే నెల్లూరికన్నా పోవాల, కావలికన్నా పోవాల. నెల్లూరులో వీఆర్ కాలేజీ. కావలిలో దొడ్ల రామచంద్రారెడ్డి గారు పెట్టిన జవహర్ భారతి. అన్నీ తిరుపతి వెంకటేశ్వరా యూనివర్సిటీ కిందనే ఉండినాయి. మీరు చెప్పే విక్రమ సింహపురి వచ్చింది 2008లో గదా. నేను చదివింది యాడో చెప్పను. ఇన్నేండ్ల తర్వాత ఆ కాలేజీ పేరు, ఆ పిల్లకాయల పేర్లు ఈ మంట కాడ నలగడం నాకు ఇష్టం లేదు. మా జట్టులో ఉదయగిరోళ్ళు ఉండినారు, ఆత్మకూరోళ్ళు ఉండినారు, పల్లపోళ్ళు కొందరు. గోలీది ఆత్మకూరు. లెఫ్ట్ హాఫ్ ఆడే పిల్లోడిది మన ఉదయగిరి. ఈ రెండు సంగతులూ గుర్తు పెట్టుకోండి.

నాకు ఆట రాదు. జట్టుతో పాటు తిరిగేవాణ్ణి. బంతి నా చేతిలో ఉండేది, నీళ్ళ బకెట్టు నా చేతిలో ఉండేది. అప్పటి బంతి మీరు చూసిండరు. లోపల రబ్బరు బ్లాడరు, పైన తోలు. బ్లాడరులోకి పంపుతో గాలి కొట్టి, దాని మూతి మడిచి, దారంతో బిగించి, తోలు సందులోకి బొటనవేలితో తోయాల. ఆ పైన తోలు తాడు బెజ్జాల్లో దూర్చి లాగి లాగి బిగించాల. ముడి రవ్వంత పైకి తేలిందంటే తలతో కొట్టినోడి నొసలు చీరుకుంటది. నేను ముడి వేసినాక నా నొసటికి రుద్ది చూసుకొనేవాణ్ణి. ముందురోజు తోలుకి ఆముదం పట్టించేవాణ్ణి. ఎంత పట్టించినా ముసురు పట్టిన దినం తోలు నీళ్ళు తాగుతది. ఆట సగమయ్యేసరికి అది బంతి మాదిరి ఉండదు, బరువెక్కిపోతది. పైపెచ్చు చేతికి నిలవదు, జారతా ఉంటది. గోలీకి చేతి తొడుగుల్లేవు. ఉత్త చేతులు.

ఆ యేడు యూనివర్సిటీ కాలేజీల పోటీల్లో మేం ఫైనలుకి పోయినాం, తిరుపతిలో. ఎదురు పక్క సీమ కాలేజీ ఒకటి, ఎర్ర చొక్కాలు. కార్తీక మాసం, ముసురు. మన లెఫ్ట్ హాఫ్ జట్టుతో రాలా. వాళ్ళింట్లో చెనక్కాయ పీకుళ్ళు. వాన ముంచుకొస్తా ఉంటే ఏ రైతన్నా కొడుకుని ఆటకి పంపుతాడా? రెండు దినాలు వంగి చెట్లు పీకి, చీకట్లో బస్సెక్కి, నెల్లూరులో ఇంకో బస్సు మారి, తెల్లారి తిరుపతిలో దిగినాడు. కండ్లు ఎర్రగా ఉండినాయి. ఉప్మా పెడితే రెండు ముద్దలు తిని, చాలన్నాడు. చేతి గోళ్ళలో ఇంకా మన్ను ఉండింది.

అప్పట్లో ఆట ఎట్ట నిలబెట్టేవాళ్ళో చెప్పాల మీకు. ఇద్దరు బ్యాకులు, వాళ్ళ ముందర ముగ్గురు హాఫులు, ఆ ముందర అయిదుగురు ఫార్వర్డులు. అవతలి రైట్ అవుట్ అంచున పరిగెత్తుకుంటా వస్తే వాణ్ణి పట్టుకోవాల్సినోడు మన లెఫ్ట్ హాఫ్. వాడు లేకపోతే ఆ పక్కంతా తలుపు తీసినట్టే. ఇంకొకటి, అప్పుడు మనిషిని మార్చడం లేదు. ఒకతూరి దిగితే ఆఖరిదాకా ఆ పదకొండు మందే. కాలు విరిగినా ఆడాల, లేదంటే పది మందితో ఆడాల. అందుకని దెబ్బ తగిలినోణ్ణి ముందుకి, అంచుకి పంపేసి, ఫార్వర్డుల్లో ఒకణ్ణి వెనక్కి దించేవాళ్ళు. ఇది అప్పట్లో ఆట తెలిసిన ప్రతోడికీ తెలిసిన సంగతే.

మొదటి సగంలో మేం ఒక గోలు కొట్టినాం. మన వైపునుంచి వచ్చిన పిల్లకాయలు, నెల్లూరు నించి వచ్చి తిరుపతిలో చదివేవాళ్ళు, అంతా కలిసి వంద మంది దాకా ఉంటారు, గొంతులు పోయేలాగా అరిచినారు. విరామంలో నేను నిమ్మకాయ ముక్కలు పంచినా. లెఫ్ట్ హాఫ్ ముక్క చీకతా పిక్క నొక్కుకుంటా ఉండాడు. ఏంరా అంటే, ఏం లేదులే అన్నాడు.

రెండో సగం పది నిమిషాలు గడిచినాయో లేదో, పిక్క పట్టేసింది వాడికి. కుంటతా ఉండాడు. నేనుండింది ఆ పక్కనే, గీతకి అవతల, బకెట్టు పట్టుకొని. ఎడమ పక్క లోపల ఆడే ఫార్వర్డు, లెఫ్ట్ ఇన్ అనేవాళ్ళం, అది చూసినాడు. చూసి వెనక్కి తిరిగినాడు. నాలుగడుగులు వచ్చినాడు కూడా. సరిగ్గా అప్పుడు మనోళ్ళంతా లేచి 'రెండోది! రెండోది కొట్టాల! ముందుకి పో!' అని కేకలు. వాడు మన జనం వంక ఒకతూరి చూసి, మళ్ళా ముందుకి పోయినాడు. కెప్టెను కూడా ఏం చెప్పలా. వాడూ ఫార్వర్డే గదా, వాడికీ ఆ కేకలే వినపడినాయి. చప్పట్లు కొట్టేది గోలు కొట్టినోడికేనాయె. వెనక్కొచ్చి కాపు కాసినోడికి ఎవురు కొడతారు?

ఆ తర్వాత జరిగింది చెప్పనక్కర్లా. ఎర్ర చొక్కా రైట్ అవుట్ ఆ పక్కనించి అడ్డం లేకుండా వచ్చి బంతిని మధ్యలోకి వేసినాడు, వాళ్ళ సెంటర్ ఫార్వర్డు తలతో కొట్టినాడు. ఒకటికి ఒకటి. నాలుగైదు నిమిషాలకి మళ్ళా అదే పక్క, అదే మనిషి. ఈతూరి తనే పైకెత్తి గోలు మీదికి వేసినాడు. తడిసిన బంతి, గాలిలో మెలి తిరగతా వచ్చింది. గోలీ ఎగిరినాడు, రెండు చేతులూ పడినాయి, సబ్బు ముక్క జారినట్టు జారి వెనకాల పడింది. ఈల వేసేదాకా మేం ఎంత కొట్టుకున్నా మళ్ళా గోలు పడలా. రెండు ఒకటితో ఓడిపోయినాం.

తిరుగుబస్సులో మొదలైంది పంచాయితీ. ఉదయగిరోళ్ళంతా ఒక పక్క: మీ గోలీ చేతులు చేతులేనా అని. ఆత్మకూరోళ్ళు ఇంకో పక్క: మీవోడు కుంటతా ఆటకెందుకు దిగినాడని. గోలీ కిటికీ పక్క సీట్లో తల వాల్చుకొని కూర్చోనుండాడు. ఒక్క మాట మాట్లాడలా. ఆత్మకూరు ఇంకా మైలు దూరం ఉండంగానే బస్సు నిలపమన్నాడు. చీకట్లో దిగి, చేలకడ్డం పడి ఇంటికి పోయినాడు, బస్టాండులో జనాల కంట పడకుండా. బస్టాండు కాడ హోటల్లో వార్త అప్పటికే వచ్చేసింది. దోశలు పోసే ఆయన, కండక్టరు, తమలపాకుల బుట్టతో కూర్చున్న ముసలమ్మ, జీవితంలో ఫుట్‌బాల్ చూడనోళ్ళు కూడా గోలీని అంటా ఉండారు. వాడు ఆ పైన మళ్ళా గోలు కాడ నిలబడలా. అదిరా నాకు ఇప్పటికీ మింగుడు పడంది. కప్పు పోతే పోయింది, ఇంకో యేడు వస్తది. అంత చక్కగా ఎగిరే పిల్లోడు ఆట మానేసినాడు.

మా పీడీ సారు మంచి మనిషి. సోమవారం అందరినీ గ్రౌండుకి పిలిచి కూర్చోబెట్టి అడిగినాడు: మెల్బోర్ను ఒలింపిక్సులో మనమెందుకు ఓడినాం? 1956 అది. ఆస్ట్రేలియాను నాలుగు రెండుతో కొట్టి సెమీఫైనలుకి పోయినాం. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు కొట్టినాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా. 52వ నిమిషంలో డిసౌజా గోలు కొట్టినాడు, ముందర మనమే. ఆఖరికి నాలుగు ఒకటితో ఓడినాం. నాలుగో గోలు మనోడు సలాం తగిలి మన గోల్లోనే పడింది. ఆ ఆటను తలుచుకొనేటప్పుడు కొందరు సలాం పేరే ఎత్తతారు. సారు చెప్పినాడు: 'వాడికి తగిలింది 78వ నిమిషంలోరా. అప్పటికి మూడు ఒకటి. మనం గోలు కొట్టిన సంబరం తీరకముందే, 57 నిమిషాలకల్లా వాళ్ళు రెండు కొట్టేసినారు. ఆట పోయింది ఆ అయిదు నిమిషాల్లో. గోలు కొట్టినాక జట్టు ఎట్ట నిలబడిందో అది చూడండి' అని.

ఆ జట్టుని తయారు చేసింది హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం. మొన్న 2024లో మైదాన్ అని అజయ్ దేవగణ్ సినిమా వచ్చింది గదా, ఆయన కథే. బడిపంతులు పని చేసిన మనిషి. ఆయన చేతి కింద హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నించి 54 దాకా వరసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు కొట్టింది. ఓడినప్పుడు ఆయన మనిషిని పట్టుకోలా, పద్ధతిని పట్టుకున్నాడు. ఒంటి కాలితో, అది కూడా చేతకాని కాలితో మాత్రమే తన్నాల అని పోటీలు పెట్టేవాడంట. బంతిని కాళ్ళ కాడ పెట్టుకొని మెలికలు తిప్పకుండా ఆడే పోటీలు వేరే. 1952లో హెల్సింకిలో ఇదే యుగోస్లావియా మనల్ని పది ఒకటితో తొక్కేసింది. చాలామంది ఉత్త కాళ్ళతో ఆడినారు ఆ దినం. ఆ ఓటమిని కూర్చోని విప్పి చూసినందుకే ఆ పైన మనోళ్ళకి బూట్లు తప్పనిసరి చేసినారు. పది గోల్సు ఇచ్చినాడని గోలీని తిట్టి ఊరుకొని ఉంటే నాలుగేండ్లకి సెమీఫైనలుకి పోయేవాళ్ళమా? ఆయన 1962లో జకార్తా ఏషియాడ్‌లో కొరియాను రెండు ఒకటితో కొట్టించి బంగారు పతకం తెచ్చినాడు. కాన్సరు ఒంట్లో పెట్టుకొని. మరుసటి యేడే పోయినాడు.

మన ఉదయగిరి దుర్గం సంగతే చూడండి. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోనుంచి లాక్కున్నాడని చదువుకున్నారు గదా. ఏడాదిన్నర పట్టింది ఆయనకి. ఆ ఏడాదిన్నర ఏం చేసినాడు? కొండలు తొలిపించి, గుండ్లు పగలగొట్టించి, సైన్యం పైకెక్కేదానికి దార్లు వేయించినాడు. కోట పడిన దినం కావలి ఉన్నోణ్ణి తిట్టి ఏం లాభం? దారి పడేటప్పుడు చూడాల్సింది.

పీడీ సారు మాట ఆ దినం ఎవురికీ ఎక్కలా. గోలీ అసలు రానే లేదు.

చానా యేండ్లకి, సోమశిల డ్యామ్ కట్టడం మొదలైనాక అనుకుంటా, అనంతసాగరం పక్క ఒక పెండ్లిలో ముగ్గురం కలిసినాం. నేను, గోలీ, లెఫ్ట్ హాఫ్. గోలీ అప్పటికి బడిలో అయివారు. లెఫ్ట్ హాఫ్ సేద్యం చేసుకుంటా ఉండాడు. భోజనాలైనాక తాంబూలం పళ్ళెం ముందర పెట్టుకొని కూర్చున్నాం. ఎవురు మొదలుపెట్టినారో తెలీదు, చాప మీద వక్కలు పరిచేసినారు. మనోళ్ళు వక్కలు, ఎర్ర చొక్కాలు లవంగాలు, గోలు కాడ తమలపాకు. ఆ పది నిమిషాలు మళ్ళా మొదటినుంచి ఆడించినాం. ఇంతకాలం మనసులో పెట్టుకున్నారో ఏమో, గోలీ తప్పు నాదే అంటాడు, లెఫ్ట్ హాఫ్ కాదు నాదే అంటాడు. ఎవురి తప్పు వాళ్ళు లాక్కుంటా ఉండారు. నేను లెఫ్ట్ ఇన్ వక్కని వెనక్కి నాలుగు వేళ్ళు జరిపినా. ఇద్దరూ గమ్మునైపోయినారు.

'అందేదా?' అన్నాడు గోలీ. లెఫ్ట్ ఇన్ తిరిగి పోకుండా ఉండుంటే ఆ రైట్ అవుట్‌ని అందుకొనేవాడా అని. లెఫ్ట్ హాఫ్ అందదన్నాడు, ఆ మనిషి గాలి మాదిరి పరిగెత్తతాడన్నాడు. వాళ్ళిద్దరూ ఆట లోపల ఉండినారు, నేను గీత బయట ఉండినా. రెండో గోలుకి ముందర ఆ ఎర్ర చొక్కా వాడు బంతిని పైకెత్తేదానికి కాలు కుదరక రెండడుగులు ఆగినాడు. నేనుండిన చోటినించి వాడు పది గజాలు కూడా లేడు, కండ్లారా చూసినా. లెఫ్ట్ ఇన్ ఆడ ఉండుంటే ఆ రెండడుగులు చాలు వాడికి. వాళ్ళకి అప్పుడూ అదే చెప్పినా, మీకూ అదే చెప్తా ఉండా. అందేది.